గాట్విక్‌లో 33 గంటలు: ఆకాశం ఖాళీగా ఉందని ఎవరు చెప్పాలి?

డ్రోన్లను పసిగట్టే పరికరాలు అమర్చడం, వాటిని నడిపే కుర్రాళ్లకు శిక్షణ ఇవ్వడం మా పని. ఏ సైటుకి వెళ్లినా మొదట అడిగేది ఒకటే: "ఎన్ని కిలోమీటర్ల నుంచి పట్టుకుంటుంది?" ఆ వెంటనే రెండోది: "కూల్చేస్తుందా?" మూడో ప్రశ్న ఒకటుంది, దాన్ని మాత్రం ఎవరూ అడగరు. అలారం మోగింది, పనంతా ఆపేశారు. ఇక పర్లేదు, మళ్లీ మొదలుపెట్టండి అని ఎవరు చెప్తారు? దేన్ని చూసి చెప్తారు?

ఆ మూడో ప్రశ్నకు జవాబు లేక ఒక పెద్ద విమానాశ్రయం 33 గంటలు మూతపడింది. లండన్‌కి దక్షిణాన ఉన్న గాట్విక్, 2018 డిసెంబర్. కొత్త ఆపరేటర్లకు మొదటి రోజు నేను చెప్పేది ఈ కేసే. నేను అక్కడ పనిచేసినవాణ్ని కాదు. పోలీసులు, విమానాశ్రయం వాళ్లు, ఎయిర్‌లైన్లు తర్వాత బయటపెట్టిన వివరాలను మా వృత్తి కళ్లద్దాలు పెట్టుకుని చదివానంతే.

ఏం జరిగింది

2018 డిసెంబర్ 19, బుధవారం. రాత్రి 9 దాటి మూడు నిమిషాలు. డ్యూటీ ముగించుకుని వెళ్తున్న ఒక సెక్యూరిటీ ఉద్యోగి రెండు డ్రోన్లు కనిపించాయని చెప్పాడు. రన్‌వే మూసేశారు. గాట్విక్ ఒక సమయంలో ఒకే రన్‌వే మీద నడుస్తుంది, కాబట్టి రన్‌వే ఆగిందంటే మొత్తం ఆగినట్టే. క్రిస్మస్‌కి ఊళ్లకు వెళ్లే జనంతో టెర్మినళ్లు కిక్కిరిసి ఉన్న వారం అది. మనకైతే సంక్రాంతి ముందు విజయవాడ బస్టాండ్ ఊహించుకోండి.

తెల్లవారుజామున 3 గంటలకు తెరిచారు. ముప్పావుగంట తిరక్కుండానే మళ్లీ కనిపించిందన్నారు, మళ్లీ మూసేశారు. గురువారం పగలంతా అదే తంతు. తెరుద్దామనుకునేలోపు ఇంకో ఫోన్. ఆ సాయంత్రానికి సైన్యాన్ని దింపారు. శుక్రవారం ఉదయం 6 గంటల ప్రాంతంలో విమానాలు కదలడం మొదలైంది. అప్పటికి సుమారు 1,000 విమానాలు, 1,40,000 మంది ప్రయాణికులు దెబ్బతిన్నారు. ఈజీజెట్ అనే ఎయిర్‌లైన్ ఒక్కదానికే కోటిన్నర పౌండ్లు పోయాయని ఆ సంస్థే ప్రకటించింది.

అదే శుక్రవారం రాత్రి దగ్గర్లోని క్రాలీ పట్టణంలో ఒక జంటను పోలీసులు అరెస్టు చేశారు. ఒకటిన్నర రోజు స్టేషన్లో ఉంచి, ఏ కేసూ పెట్టకుండా వదిలేశారు. వాళ్లకు ఈ వ్యవహారంతో ఏ సంబంధమూ లేదు. 2020లో పోలీసులు 2 లక్షల పౌండ్లతో ఆ విషయం సెటిల్ చేసుకోవాల్సి వచ్చింది.

2019 సెప్టెంబర్‌లో గాట్విక్ ఉన్న ప్రాంతపు ససెక్స్ పోలీసులు దర్యాప్తు మూసేశారు. ఖర్చు 7,90,000 పౌండ్లు. నిందితుడు లేడు. డ్రోన్ లేదు. జనం చేతిలో అన్ని ఫోన్లు, మీడియా వాళ్ల దగ్గర అన్ని కెమెరాలు ఉన్న చోట, ఇదిగో డ్రోన్ అని ఒప్పుకోగలిగిన ఒక్క ఫొటో బయటికి రాలేదు. దగ్గర్లో దొరికిన ఒక పాడైన డ్రోన్‌కి సంబంధం లేదని తేల్చారు. మధ్యలో ఒక పోలీసు అధికారి అసలు డ్రోనే లేకపోయి ఉండే అవకాశం కూడా ఉందని అనడం, పైనుంచి వెంటనే సర్దుబాటు ప్రకటన రావడం కూడా అయింది. కనీసం రెండు డ్రోన్లు వచ్చాయన్నది దర్యాప్తు మూసేటప్పుడు పోలీసులు చెప్పిన మాట.

డ్రోన్ ఉందా, లేదా? నన్నడిగితే ఆ చర్చలో దిగను. ఉందనుకున్నా, లేదనుకున్నా ఆ 33 గంటల్లో కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న మనిషికి సమస్య ఒక్కటే. 'లేదు' అని చెప్పడానికి అతని చేతిలో ఏమీ లేదు.

109 మంది చూశారు

పోలీసులకు వచ్చిన రిపోర్టులు 129. వాటిలో 109 నమ్మదగిన వ్యక్తుల నుంచి వచ్చినవని పోలీసులు చెప్పారు. వాళ్లలో పైలట్ ఉన్నాడు, విమానాశ్రయ సిబ్బంది ఉన్నారు. అంతమంది అబద్ధం చెప్తారా?

చెప్పరు. అబద్ధం చెప్పాల్సిన అవసరం కూడా లేదు. మనిషి నమ్మదగినవాడు కావడం వేరు, చీకట్లో ఒక వెలుగుచుక్క ఎంత దూరంలో ఉందో అతని కన్ను సరిగ్గా చెప్పగలగడం వేరు. వస్తువు సైజు తెలిస్తే కన్ను దూరాన్ని అంచనా వేస్తుంది. దూరం తెలిస్తే సైజుని అంచనా వేస్తుంది. రాత్రిపూట ఆ రెండూ తెలియవు. 300 మీటర్లలోని డ్రోన్ లైటూ, 10 కిలోమీటర్లలోని విమానం లైటూ ఒకేలా ఉంటాయి.

ఒక రాత్రి మా ట్రయల్‌లో జరిగింది చెప్తాను. కోస్తాలో ఒక ఇంధన నిల్వ కేంద్రం. అక్కడ డ్రోన్ అలర్ట్ వస్తే ట్యాంకర్లు నింపడం ఆపేస్తారు, గేటు బయట లారీలు క్యూ కడతాయి. రాత్రి 11 గంటలకు ఇద్దరు గార్డులు పరుగున వచ్చారు. "సార్, తూర్పు గోడ మీద ఎర్ర లైటు, గాల్లో నిలబడి అటూ ఇటూ కదుల్తోంది." వెళ్లి చూశాను. నిజంగానే కదులుతున్నట్టు ఉంది. నాకూ అలాగే కనిపించింది! చుట్టూ చీకటిగా ఉన్నప్పుడు ఒకే చుక్కని రెప్పవేయకుండా చూస్తే అది కదులుతున్నట్టు అనిపించడం కంటి స్వభావం. గార్డులిద్దరినీ లైటు స్తంభం పక్కన నిలబెట్టి, తల స్తంభానికి ఆనించి, ఆ చుక్కని స్తంభం అంచుకి సరిపెట్టి చూడమన్నాను. నిమిషం గడిచింది. చుక్క అంచు దాటలేదు. దూరంగా ఉన్న సెల్ టవర్ మీది ఎర్ర దీపం అది. రోజూ అక్కడే ఉంటుంది. ఆ రోజు సాయంత్రం మేం డ్రోన్ల గురించి క్లాసు చెప్పాం కాబట్టి ఆ రాత్రి వాళ్లు ఆకాశం వైపు చూశారు.

గాట్విక్‌లో జరిగింది ఇదే అని నేను అనడం లేదు. డ్రోన్ వచ్చిందని లోకమంతా టీవీల్లో చెప్తున్నప్పుడు వేలమంది తలెత్తి చూస్తారు, చూసిన ప్రతి వెలుగూ రిపోర్టవుతుంది. ఇక రిపోర్టుల సంఖ్య పెరగడం డ్రోన్ ఉనికికి రుజువుగా పనికిరాదు. ఒకరు చెప్పింది విన్న తర్వాత ఇంకొకరు చూస్తే అవి రెండు సాక్ష్యాలు కావు, ఒకటిన్నర అనుకోవచ్చేమో.

ఇక్కడ బ్యాటరీ లెక్క కూడా వేసుకోవాలి. ఆ ఏడాది ఆగస్టులో మార్కెట్లోకి వచ్చిన డీజేఐ మావిక్ 2 అనే డ్రోన్ కంపెనీ లెక్క ప్రకారమే గాలి లేని చోట 31 నిమిషాలు ఎగురుతుంది. చలిలో, గాలిలో ఇంకా తగ్గుతుంది. అంటే గంటల తేడాతో వచ్చిన ప్రతి రిపోర్టు వెనకా ఒక కొత్త టేకాఫ్, ఒక ల్యాండింగ్, ఒక బ్యాటరీ మార్పిడి ఉండాలి. అదీ పోలీసులు చుట్టుపక్కల గాలిస్తుండగా. అసాధ్యమేమీ కాదు. కానీ ప్రతి రిపోర్టుకీ ఈ లెక్క పక్కన రాసుకుంటే కంట్రోల్ రూమ్‌లో ప్రశ్నలు మారిపోతాయి. "మళ్లీ కనిపించిందట" అన్న మాట దగ్గర ఆగకుండా "ఎక్కణ్నుంచి లేచింది, ఎక్కడ దిగింది" అని అడగడం మొదలవుతుంది.

మన డ్రోనే మనకి దొంగ

ఆ రెండు రోజుల్లో వెతకడానికి పోలీసులు కూడా డ్రోన్లు ఎగరేశారు. కొన్ని రిపోర్టులు తమ డ్రోన్లను చూసి ఇచ్చినవే అయి ఉండొచ్చని ససెక్స్ పోలీసు చీఫ్ స్వయంగా రేడియోలో ఒప్పుకున్నారు.

దీన్ని చూసి నవ్వినవాళ్లలో నేనూ ఒకణ్ని. అదే ఇంధన కేంద్రంలో నవ్వు ముఖం మీదే ఆగిపోయింది. డ్రోన్ రేడియో సంకేతాలను వినే ఆర్‌ఎఫ్ సెన్సర్ నుంచి ఒక అలర్ట్ వస్తే నిజమో కాదో చూద్దామని, అనుమతి ఉన్న మా టెస్ట్ డ్రోన్‌ని పైకి లేపాం. రెండు నిమిషాల్లో వెనక గేటు నుంచి ఫోన్: "సార్, డ్రోన్ కనిపించింది, ట్యాంకుల వైపే వస్తోంది." మెయిన్ గేటుకి చెప్పాం, వెనక గేటుకి చెప్పడం మర్చిపోయాం. ఆ ఫోన్‌తో లోడింగ్ ఇంకో ఇరవై నిమిషాలు ఆగింది. తప్పు పూర్తిగా మాదే. అప్పట్నుంచి మా డ్రోన్ లేచే ముందు ప్రతి పోస్టుకీ వాకీటాకీలో చెప్పి, ప్రతి పోస్టు నుంచీ "విన్నాం" అని జవాబు వచ్చాకే మోటార్లు తిప్పుతున్నాం.

అంత పెద్ద రాడార్ ఏం చేస్తోంది?

ఈ ప్రశ్న ప్రతి క్లాసులోనూ వస్తుంది. విమానాశ్రయంలో రాడార్ ఉంటుంది కదా, వంద కిలోమీటర్ల అవతలి విమానాన్ని చూస్తుంది కదా, గోడ పక్కన ఎగిరే డ్రోన్ కనపడదా?

నిజానికి అక్కడి రాడార్లలో ఒకటి విమానాన్ని 'అడుగుతుంది', విమానంలోని ట్రాన్స్‌పాండర్ జవాబిస్తుంది. మామూలు డ్రోన్‌లో ఆ పెట్టే ఉండదు. అడిగినా పలకదు. రెండోది తరంగం పంపి, తగిలి వెనక్కి వచ్చినదాన్ని చూస్తుంది. ప్రయాణికుల విమానం ఆ తరంగానికి 10 చదరపు మీటర్ల గోడలా కనిపిస్తుందనుకుందాం. చేతిలో పట్టుకునే డ్రోన్ 0.01 చదరపు మీటరు, అంటే అరచేయంత. వెయ్యి రెట్లు చిన్నది. రాడార్ చూడగల దూరం ఈ సైజుకి నాలుగో మూలంగా (వర్గమూలానికి మళ్లీ వర్గమూలం) మారుతుంది కాబట్టి దూరం వెయ్యి రెట్లు పడిపోదు, సుమారు అయిదున్నర రెట్లే పడిపోతుంది. లెక్కలో చూస్తే పర్లేదే అనిపిస్తుంది.

అసలు చిక్కు తర్వాత వస్తుంది. విమానాశ్రయ రాడార్ స్క్రీన్ మీద పక్షులు, చెట్లు, హైవే మీది లారీలు కనిపిస్తే కంట్రోలర్‌కి పిచ్చెక్కుతుంది. అందుకే చిన్నవాటిని, నెమ్మదిగా కదిలేవాటిని, నేలకి దగ్గరగా ఉన్నవాటిని ఆ రాడార్ కావాలనే వడపోసేస్తుంది. చిన్నది, నెమ్మదైనది, నేలకి దగ్గరగా ఉండేది: డ్రోన్ గుణాలు మూడూ సరిగ్గా అవే.

అందుకని డ్రోన్ల కోసం వేరే రాడార్ పెడతాం. దాంతో పక్షులన్నీ తిరిగొస్తాయి. మా ట్రయల్ సైటు పక్కన చెరువుంది. సాయంత్రం కొంగలు గూళ్లకు చేరే వేళ స్క్రీన్ చూడాలి! ఒక్కసారిగా పది పదిహేను ట్రాకులు, సెకనుకు పది పన్నెండు మీటర్ల వేగం, అరవై డెబ్బై మీటర్ల ఎత్తు. ప్రతి అంకే డ్రోన్ అంకెలాగే ఉంటుంది. కొంగ రెక్క సెకనుకు కొద్దిసార్లు ఆడుతుంది, డ్రోన్ ఫ్యాన్ నిమిషానికి వేలసార్లు తిరుగుతుంది. ఆ తేడాని మంచి రాడార్ తిరిగొచ్చిన తరంగంలోనే చదవగలదు. ఐతే 'ఏదో ఉంది' అని చెప్పగల దూరం కంటే 'ఇది కొంగ' అని చెప్పగల దూరం బాగా తక్కువ. బ్రోచర్లలో వేసే కిలోమీటర్లు ఎప్పుడూ మొదటిదే. రెండోది అడిగితే సేల్స్ మనిషి నీళ్లు నములుతాడు. మా కంపెనీ సేల్స్ వాళ్లు కూడా.

ఆర్‌ఎఫ్ సెన్సర్ సంగతి ఇంకోలా ఉంటుంది. అది ఏ తరంగమూ పంపదు, వింటుంది. డ్రోన్‌కీ రిమోట్‌కీ మధ్య ఎక్కువగా 2.4, 5.8 గిగాహెర్ట్జ్‌లలో నడిచే సంభాషణని పట్టుకుంటుంది. డ్రోన్ మోడల్ తెలిసినదైతే పేరుతో సహా చెప్తుంది, కొన్నిసార్లు పైలట్ ఎక్కడ నిల్చున్నాడో కూడా. పెళ్లి వీడియోల డ్రోన్లను పట్టడానికి దీన్ని మించింది లేదు. కానీ ముందే దారి ఫీడ్ చేసి రిమోట్ ఆపేసిన డ్రోన్ ఏమీ మాట్లాడదు. యుక్రెయిన్ యుద్ధంలో సన్నని ఫైబర్ తీగ విప్పుకుంటూ, రేడియో బదులు ఆ తీగలోనే మాట్లాడుతూ ఎగిరే డ్రోన్లు వచ్చాక ఈ సెన్సర్‌కి చెవుడు వచ్చినట్టే అయింది. కాబట్టి ఆర్‌ఎఫ్ స్క్రీన్ నిశ్శబ్దంగా ఉంది అంటే మాట్లాడే డ్రోన్ లేదని మాత్రమే అర్థం.

శుక్రవారం సాయంత్రం

ఈ కేసులో అందరూ దాటేసే చిన్న ఘట్టం ఒకటుంది. నాకు మొత్తం కేసులో విలువైనది అదే.

శుక్రవారం సాయంత్రం 5 దాటాక, విమానాలు మళ్లీ నడుస్తుండగా, ఇంకో రిపోర్టు వచ్చింది. రన్‌వే ఆపారు. కానీ ఈసారి గంటకి కొంచెం అటూ ఇటూగా తెరిచేశారు. డ్రోన్ దొరికిందా? లేదు. కూల్చారా? లేదు. సైన్యం ఏర్పాటు చేసిన పరికరాల వల్ల తిరిగి తెరవడానికి కావలసిన భరోసా దొరికిందని విమానాశ్రయం ప్రకటించింది.

చూడండి. బుధవారం రాత్రి వచ్చిందీ, శుక్రవారం సాయంత్రం వచ్చిందీ ఒకేలాంటి రిపోర్టులు. ఒకటి 33 గంటలు తినేసింది, ఇంకొకటి సుమారు గంట. మధ్యలో మారింది ఒక్కటే: ఎవరో ఫోన్ చేసినప్పుడు, ఆ దిక్కున మా పరికరం చూస్తోంది, దానికేమీ తగల్లేదు అని చెప్పగలిగిన మనిషి కంట్రోల్ రూమ్‌లోకి వచ్చాడు. తర్వాత గాట్విక్ 50 లక్షల పౌండ్లు పెట్టి సొంత పరికరాలు కొనుక్కుంది. 2019 జనవరి 8న లండన్‌లోని ఇంకో విమానాశ్రయం హీత్రూలో ఇలాంటి రిపోర్టే వస్తే టేకాఫ్‌లు ఆగింది దాదాపు గంటసేపే.

కూల్చొచ్చు కదా?

దీని మీద ఎక్కువ రాయను. గాలిలోకి కాల్చిన తూటా ఎక్కడో ఒకచోట దిగుతుంది, విమానాశ్రయంలో ఆ 'ఎక్కడో' అంటే జనం, విమానాలు, ఇంధనం. గాట్విక్‌లో పోలీసులు కాల్పులు వద్దనుకోవడానికి కారణం అదే. జామర్ వేస్తే, మామూలు డ్రోన్ రిమోట్ తెగగానే లేచిన చోటికి తిరిగెళ్తుంది. ఇది మంచిదే, దాని వెనకే వెళ్తే పైలట్ దొరకొచ్చు. కానీ జీపీఎస్‌ని కూడా జామ్ చేస్తే అది ఇంటికి వెళ్లే దారి మర్చిపోయి గాలివాటుకి కొట్టుకుపోతుంది, మనం వద్దనుకున్న చోటే పడొచ్చు. విమానాలు వాడే జీపీఎస్ కూడా అదే. మన దేశంలోనైతే ప్రభుత్వ అనుమతి లేకుండా జామర్ వాడటం చట్టవిరుద్ధమని టెలికాం శాఖ 2022 జనవరిలో మరోసారి గుర్తు చేసింది. ప్రైవేటు సైటువాళ్లు "ఒక జామర్ తుపాకీ కూడా ఇవ్వండి" అని అడిగితే మేం ఇవ్వం, ఇవ్వలేం.

"కర్నూలు దగ్గర లేజర్‌తో కూల్చారు కదండీ" అని మనవాళ్లు అంటుంటారు. నిజమే. 2025 ఏప్రిల్‌లో డీఆర్‌డీఓ 30 కిలోవాట్ల లేజర్ ఆయుధాన్ని అక్కడ పరీక్షించింది, తయారుచేసింది మన హైదరాబాద్‌లోని చెస్ ల్యాబే. గర్వపడాల్సిన పని. ఐతే లేజర్‌కైనా గురి పెట్టడానికి ఎదురుగా ఒక వస్తువు ఉండాలి. గాట్విక్‌లో దొరకనిది సరిగ్గా అదే.

జమ్మూ, ఇంఫాల్

గాట్విక్‌కి అచ్చంగా తిరగేసిన కేసు మన దగ్గరే ఉంది. 2021 జూన్ 27, జమ్మూ ఎయిర్‌ఫోర్స్ స్టేషన్. అర్ధరాత్రి దాటాక, నిమిషాల తేడాతో రెండు పేలుళ్లు. ఒకటి భవనం పైకప్పుని చీల్చింది, ఇంకొకటి ఖాళీ స్థలంలో పడింది. ఇద్దరు సిబ్బందికి స్వల్ప గాయాలు. అక్కడ ముందుగా రిపోర్టు లేదు, ఫోన్ లేదు, అలారం లేదు. డ్రోన్లు వచ్చిన సంగతి పేలాకే తెలిసింది. మన దేశంలో సైనిక స్థావరం మీద డ్రోన్లతో జరిగిన మొదటి దాడి అది. మరో రెండు నెలలకి, ఆగస్టు 31న, డీఆర్‌డీఓ రూపొందించిన యాంటీ డ్రోన్ వ్యవస్థ కోసం నౌకాదళం ప్రభుత్వ రక్షణ ఎలక్ట్రానిక్స్ సంస్థ బీఈఎల్‌తో ఒప్పందం కుదుర్చుకుంది.

మనకీ ఒక చిన్న గాట్విక్ జరిగింది. 2023 నవంబర్ 19, ఇంఫాల్ విమానాశ్రయం. మధ్యాహ్నం రెండున్నర ప్రాంతంలో ఆకాశంలో ఏదో వస్తువు కనిపించిందన్నారు. సుమారు మూడు గంటలు రాకపోకలు ఆగాయి. రఫేల్ యుద్ధ విమానాలు వెళ్లి వెతికాయి. ఏమీ కనబడలేదు.

గాట్విక్ భయంతో ప్రతి ఫోన్‌కీ మూసేస్తే వ్యాపారం మునుగుతుంది. అలారాలతో విసుగెత్తి పట్టించుకోవడం మానేస్తే జమ్మూ జరుగుతుంది. మా ఆపరేటర్ కుర్చీ ఈ రెండింటి మధ్యలో ఉంటుంది, జీతం మాత్రం మామూలు సీసీటీవీ ఆపరేటర్ జీతమే. ఆ విషయం క్లయింట్లకు చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

మేం మార్చుకున్నది

ఇంధన కేంద్రం ట్రయల్ మధ్యలోనే గాట్విక్ పాఠాలు కొన్ని పనిలోకి తెచ్చాం. అన్నిటికన్నా ముఖ్యమైంది ఒక కాగితం. కుర్రాళ్లు దాన్ని 'క్లియర్ షీట్' అంటారు.

రోజూ పొద్దున షిఫ్టు మారగానే మా టెస్ట్ డ్రోన్‌ని తెలిసిన దారిలో సైటు చుట్టూ తిప్పుతాం. ఏ సెన్సర్ ఎక్కడ మొదటిసారి పట్టుకుంది, ఎక్కడ వదిలేసింది అన్నది సైటు మ్యాపు మీద పెన్సిల్‌తో గీస్తాం. మొదటి వారంలోనే తేలింది: వాయవ్యం మూల పెద్ద ట్యాంకు నీడలో రాడార్‌కి ఏమీ కనబడదు. బ్రోచర్ ప్రకారం అది పూర్తి కవరేజీలో ఉన్న చోటు. ఆ మూల నుంచి రిపోర్టు వస్తే "మా స్క్రీన్ మీద ఏమీ లేదు" అనే మాటకు విలువ సున్నా. అది తెలియకుండా ఆపరేటర్ ధైర్యంగా 'క్లియర్' అనేసేవాడు. ఇప్పుడు ఆ మూలకి ఒక కెమెరా, పైన ఒక మనిషి.

మనుషులిచ్చే రిపోర్టుల్ని తోసిపుచ్చడం మానేశాం, వాటికి పని కల్పించాం. ఎవరైనా చూశానంటే మొదట దిక్కు అడుగుతాం. ఫోన్‌లో కంపాస్ తెరిచి డిగ్రీ చెప్పమంటాం. దూరంగా ఉన్న ఇంకో పోస్టులోని గార్డుని అదే వస్తువు వైపు చూసి డిగ్రీ చెప్పమంటాం. మ్యాపు మీద స్కేలుతో రెండు గీతలు గీస్తే చాలు. సైటు దగ్గర ఖండించుకుంటే పరుగెత్తాలి. రెండు గీతలూ పట్టాల్లా సమాంతరంగా పోతే ఆ వస్తువు చాలా చాలా దూరంలో ఉన్నట్టు. ఒక తెల్లవారుజామున అయిదింటికి తూర్పున మెరుస్తూ నిలబడ్డ డ్రోన్ ఉందన్నారు. రెండు పోస్టుల నుంచీ ఒకే డిగ్రీ. వేగుచుక్క! ఊళ్లో పుట్టి పెరిగిన గార్డే రిపోర్టు చేశాడు. "పొలానికి పోయేటప్పుడు రోజూ చూసేవాణ్ని సార్, ఇక్కడ చూస్తే డ్రోన్‌లా ఉంది" అన్నాడు. కాపలా డ్యూటీలో అలాగే ఉంటుంది మరి.

గడియారం ఇంకోటి: పని మళ్లీ మొదలుపెట్టేముందు ఎంతసేపు ఆగాలో చెప్పేది. చివరిసారి ఖాయంగా ఏదైనా తగిలిన క్షణం నుంచి లెక్క మొదలవుతుంది. ఖాయంగా అంటే సెన్సర్‌తో పాటు కెమెరా, లేదా ఖండించుకున్న రెండు గీతలు. ఒక్కరు చూసిన వెలుగుతో గడియారాన్ని మళ్లీ సున్నాకి తిప్పం, ఆ దిక్కుకి కెమెరా తిప్పి చూస్తాం. గాట్విక్‌లో ప్రతి ఫోన్‌కీ గడియారం సున్నాకి వెళ్లింది, అందుకే అది ఎప్పటికీ చివరికి చేరలేదు. మామూలు డ్రోన్ బ్యాటరీ అరగంట కాబట్టి మా గడియారం దానికి కాస్త పైన పెట్టాం. రెక్కలతో విమానంలా ఎగిరే రకమైతే ఈ లెక్క పనిచేయదు, గంటలు ఎగరగలదు. ఆ లోపం షీటు మీదే రాసి ఉంచాం.

చుట్టుపక్కల ఎవరెవరికి డ్రోన్లు ఉన్నాయో తిరిగి కనుక్కోవడం సాంకేతికంగా గొప్ప పనేమీ కాదు గానీ, పరికరాలన్నిటికంటే ఎక్కువ అలారాలు తగ్గించింది అదే. పొలాలకు మందు కొట్టే డ్రోన్ నడిపే కుర్రాడు, మండల కేంద్రంలో ఇద్దరు ఫొటోగ్రాఫర్లు. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం గ్రీన్ జోన్‌లో, అంటే ఆంక్షలు పెట్టని ప్రాంతంలో, 400 అడుగుల వరకు ముందస్తు అనుమతి అక్కర్లేదు. కాబట్టి వాళ్లని దొంగల్లా చూడలేం, చూడకూడదు. నంబర్లు తీసుకున్నాం, మా కంట్రోల్ రూమ్ నంబర్ ఇచ్చాం. ఎగరేసే ముందు ఒక మిస్డ్ కాల్ చాలు అన్నాం. మందు కొట్టే కుర్రాడు మిస్డ్ కాల్ బదులు వాట్సాప్‌లో పొలం ఫొటో పెడతాడు, ఎందుకో తెలీదు.

అదనంగా ఊరేగింపులూ తీర్థాలూ వచ్చినప్పుడు ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి 96 గంటలకు మించకుండా తాత్కాలిక రెడ్ జోన్ (డ్రోన్లు ఎగరకూడని ప్రాంతం) ప్రకటించే వీలు అదే నిబంధనల్లో ఉంది. పోలీసు బందోబస్తుకి వెళ్లినప్పుడు మేం మొదట అడిగేది ఆ ఉత్తర్వు ఉందా అనే. లేకపోతే పట్టుకున్న డ్రోన్‌వాడు గ్రీన్ జోన్ మ్యాపు చూపిస్తాడు, అక్కడితో కథ ముగుస్తుంది.

షీటు చివర సంతకం. మొదట్లో దాని పైన రెండే గడులు ఉండేవి: 'ఉంది', 'లేదు'. కొన్నాళ్లకి మూడోది చేర్చాం: 'తెలియదు'. మూడో గడిలో టిక్ పడితే లోడింగ్ ఆగే ఉంటుంది, గడియారం రెట్టింపవుతుంది, నిర్ణయం సైటు మేనేజర్‌దవుతుంది. మేనేజర్‌కి ఇది నచ్చలేదు. "తెలియదు అని చెప్పడానికా మీకు ఇంత డబ్బిస్తోంది?" అన్నారు. ఆయన కోపంలో న్యాయం లేకపోలేదు. పొగమంచు రాత్రి కెమెరా గుడ్డిదైపోతే 'లేదు' అని రాయమని ఏ కుర్రాణ్ని అడుగుదాం చెప్పండి అన్నాను. ఆయన ఇంకేమీ అనలేదు, సరేనని కూడా అనలేదు.

చాలా రోజులు ఆ గడి ఖాళీగానే ఉంది. తెలియదు అంటే పని రాదనుకుంటారేమోనని ఆపరేటర్లకు భయం. జనవరిలో ఒక తెల్లవారుజామున నాలుగింటికి ఫోన్ మోగింది. రాత్రి షిఫ్టు కుర్రాడు. బయట పదడుగుల దూరం కనిపించడం లేదట, కెమెరాలో తెల్లగా తప్ప ఏమీ లేదట, వాయవ్యం గార్డు మోత విన్నానంటున్నాడట, రాడార్‌కి ఆ మూల కనబడదు.

"సార్, మూడో గడిలో పెట్టాను. పర్లేదా?"

టైము వేసి, సంతకం పెట్టి మేనేజర్‌కి పంపమన్నాను. పొగమంచు విడిచేదాకా ఆరు ట్యాంకర్లు గేటు బయటే ఉన్నాయి.